కదలిక నుంచి కొలత వేరైన చరిత్ర: గృహ కార్యశాలలో డిజిటల్ రీడౌట్

ఉపోద్ఘాతం

లేత్, మిల్లింగ్ యంత్రాలకు అమర్చే డిజిటల్ రీడౌట్‌ను సాధారణంగా డయలుకు బదులుగా వచ్చిన అంకెల తెరగానే పరిగణిస్తుంటారు. యంత్రాన్ని కదిలించే భాగం నుంచి కొలిచే భాగాన్ని వేరుచేయడమే దాని చారిత్రక ప్రాధాన్యమని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. మరకు రెండు బాధ్యతలు

1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే రూపొందించిన మరలు కోసే లేత్ కచ్చితమైన మరను యంత్ర నిర్మాణానికి ఆధారంగా నిలిపింది. తరువాతి యంత్రాలలో బల్లను జరిపేదీ, అది ఎంత జరిగిందో తెలిపేదీ ఒకే మర అయింది. ఒక చుట్టుకు 2 మి.మీ. జరిపే మరకు 100 గీతల డయలు ఉంటే ఒక్కో గీత 0.02 మి.మీ.కు గుర్తు. వాడకంలో మర, నట్టు అరిగి సందు ఏర్పడితే, పిడిని వెనక్కి తిప్పినప్పుడు డయలు కదిలినా బల్ల వెంటనే కదలదు. అనుభవజ్ఞులు ఎప్పుడూ ఒకే దిశ నుంచి కొలతను చేరుకొని ఈ దోషాన్ని తప్పించుకున్నారు. మర పొడవునా అసమానంగా ఏర్పడిన అరుగుదలను మాత్రం ఆ నేర్పు సరిదిద్దలేదు.

2. గాజుపై గీతలు

సన్నని గీతలున్న రెండు పలకలను ఒకదానిపై ఒకటి ఉంచితే వెడల్పైన చారలు కనిపిస్తాయి. వీటితో గీతల నాణ్యతను పరీక్షించవచ్చని 1874లో లార్డ్ రేలీ సూచించాడు. పలక స్వల్పంగా జరిగినా చారలు ఎక్కువ దూరం జరుగుతాయి. ఈ గుణాన్ని 1950లలో ఎడిన్‌బరోలోని ఫెరాంటీ సంస్థ యంత్రాల స్థాన నిర్ణయానికి వినియోగించింది. దీంతో మరతో నిమిత్తం లేకుండా బల్ల కదలికను నేరుగా కొలవడం సాధ్యమైంది.

3. గృహ కార్యశాలలోకి ప్రవేశం

ఇంటి లేత్‌పై పనిచేసే సంప్రదాయం బ్రిటన్‌లో పాతదే. 1898లో మొదలైన ‘మోడల్ ఇంజినీర్’ పత్రిక అందుకు సాక్ష్యం. అయితే పరిశ్రమల కోసం తయారైన గాజు స్కేళ్లు చాలాకాలం వీరికి అందుబాటు ధరలో లేవు. విద్యుత్ ధారణ సూత్రంపై పనిచేసే చౌక డిజిటల్ కాలిపర్లు ఈ స్థితిని మార్చాయి. వాటిలో చాలా నమూనాలు కొలతను విద్యుత్ స్పందనలుగా బయటికి పంపుతాయి. ఔత్సాహికులు ఆ సంకేత క్రమాన్ని ఛేదించి, మైక్రోకంట్రోలర్లతో సొంత రీడౌట్లు నిర్మించుకున్నారు. లేత్‌పై పనిముట్టు 0.1 మి.మీ. లోపలికి జరిగితే వ్యాసం 0.2 మి.మీ. తగ్గుతుంది. ఇటువంటి లెక్కలనూ తమ అవసరం మేరకు వాటిలో చేర్చుకున్నారు.

4. అంకెల పరిమితి

కొలిచే స్కేలు, కొలవబడే దూరం ఒకే రేఖపై ఉండాలని 1890లో ఎర్న్‌స్ట్ అబ్బే ప్రతిపాదించాడు. స్కేలు పనిముట్టు రేఖకు 100 మి.మీ. పక్కన ఉండి, బల్ల మీటరుకు 0.1 మి.మీ. చొప్పున వాలితే 0.01 మి.మీ. దోషం వస్తుంది. తెరపై అంకె దానిని చూపదు.

ముగింపు

మర అరిగిన పాత యంత్రానికి డిజిటల్ రీడౌట్ మళ్లీ కచ్చితత్వాన్ని ఇచ్చింది. అరిగిన జారుడు దారులను మాత్రం అది బాగుచేయలేదు. కనుక దీనిని పనివాని నైపుణ్యం అంతరించిన చరిత్రగా చెప్పడం సరికాదు. ఒకప్పుడు పిడి తిప్పడంలో ఉన్న నేర్పు ఇప్పుడు స్కేలును ఎక్కడ, ఎలా బిగించాలన్న నిర్ణయానికి మారింది.