డెసిబెళ్లకు అందని బాధ: సింగరేణి శబ్ద చరిత్రలో మిసోఫోనియా

1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. 1920లో సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. గనులు రామగుండం ప్రాంతానికి విస్తరించిన తరువాత గోదావరిఖని కార్మిక పట్టణంగా ఎదిగింది. సైరన్లు, యంత్రాలు, ఓపెన్‌కాస్టు పేలుళ్లు అక్కడి జీవనంలో భాగమయ్యాయి.

ఈ శబ్దాన్ని పాలనా వ్యవస్థ తీవ్రతగానే చూసింది. రక్షణ లేని చెవికి 85 డెసిబెళ్లను హెచ్చరిక స్థాయిగా, 90ని ప్రమాద స్థాయిగా గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1975లో సూచించింది. నివాస ప్రాంతాలకు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి విధించాయి.

కార్మికుని వినికిడి ఈ కొలతలకు పరిమితం కాదు. గని కప్పును కర్రతో తట్టి, గట్టి రాతి ఖంగుమనే ధ్వనిని, విడివడిన రాతి బోలు ధ్వనిని వేరుచేయడం భూగర్భంలో ప్రాణరక్షణ విద్య. అక్కడ చిన్న చప్పుడుకూ విలువ ఉంది.

ఇంట్లో చిన్న చప్పుడును భరించలేనివారి స్థితి వేరు. నమలడం, గుటక వేయడం, ముక్కు ఎగబీల్చడం వంటి ధ్వనులకు కలిగే తీవ్రమైన కోపం, అసహ్యం, ఆందోళనలకు 2001లో జాస్ట్రెబాఫ్ దంపతులు మిసోఫోనియా అని పేరు పెట్టారు. అలాంటి ధ్వనులు విన్నప్పుడు వీరి మెదడులోని ఇన్సులా ముందుభాగం అధికంగా స్పందిస్తుందని, గుండె వేగం పెరుగుతుందని 2017లో సుఖ్‌బిందర్ కుమార్ బృందం చూపింది. కప్పు ధ్వనిని వినడం నేర్చుకున్న విద్య. ఇది అసంకల్పిత ప్రతిస్పందన. వినికిడి సాధారణంగా ఉన్నవారిలోనూ ఇది ఉండవచ్చు కనుక చెవి పరీక్షలో బయటపడకపోవచ్చు.

వాడుక తెలుగులో దీనికి స్థిరమైన పేరు లేదు. చిరాకు, పొగరు, వంకలు అనే మాటలే వినిపిస్తాయి. ఇరుకైన క్వార్టరులో, షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి అన్నం తింటుండగా కూతురు కంచం తీసుకొని లేచిపోయిందనుకుందాం. ఆమెకు అది తప్పించుకోలేని బాధ. తండ్రికి తన శ్రమకు జరిగిన అవమానం. పేరు తెలియకపోవడం వల్ల ఇద్దరూ నొచ్చుకుంటారు.

దీనికి పూర్తి నివారణ స్థిరపడలేదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో లక్షణాలు తగ్గుతాయని నెదర్లాండ్స్‌లో జరిగి 2021లో ప్రచురితమైన ప్రయోగం తెలిపింది. భోజన వేళ ఫ్యాను లేదా రేడియో ధ్వని, ముందే మాట్లాడుకొని వేరుగా కూర్చోవడం కొంత ఉపశమనమిస్తాయి. నిత్యం చెవులు మూసుకోవడం సున్నితత్వాన్ని పెంచవచ్చు.

బొగ్గు ప్రాంత శబ్ద చరిత్రను గని దగ్గరే ముగించక, క్వార్టరులోని కంచం వరకూ పరిశీలించవలసి ఉంది.