నెట్ ఆగిన రోజుల్లో డిస్కు ఆట

2022 మే 24, మంగళవారం. కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదనకు వ్యతిరేకంగా అమలాపురంలో కలెక్టరేట్ వైపు కదిలిన జనం అదుపు తప్పారు. రాళ్లు పడ్డాయి, బస్సులు కాలాయి. మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్‌ల ఇళ్లకు నిప్పు పెట్టారు. 144 సెక్షన్ పెట్టారు. మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు.

ఆ ఊళ్లోనే నల్లవంతెన దగ్గర ఓ ఇల్లు. ఇంటివాళ్ల పేర్లు రాయడం లేదు. పదో తరగతి పరీక్షలు అయిపోయి సెలవులు మొదలైన కుర్రాడు ఫోను పట్టుకుని డాబా మీదికీ కిందికీ తిరుగుతున్నాడు. ఫోనులో ఆడే బీజీఎంఐ ఆటలో అతని జట్టు నలుగురిదీ ఇదే పేట. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది.

"టవర్ ఫుల్‌గానే చూపిస్తోంది బావా, ఆట మాత్రం తెరుచుకోట్లేదు."

బావ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కరోనా నాటి నుంచి ఇక్కడే ఉంటూ పని చేసుకుంటున్నాడు. అతనికీ ఫోను హాట్‌స్పాటే ఆధారం. మర్నాటికి పరిస్థితి అర్థమైంది. ఆ వారం అతనిలాంటి వాళ్లు ఎందరో ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని రాజమండ్రి, కాకినాడ, యానాం బాట పట్టారు. బావ రాజమండ్రిలో లాడ్జి మాట్లాడుకున్నాడు. వెళ్తూ వెళ్తూ బీరువా మీంచి ప్లేస్టేషన్ 4 దించాడు.

"నెట్ లేకుండా ఇదేం పని చేస్తుంది బావా?"

"డిస్కు ఉందిగా. దానికి నెట్‌తో పనేంట్రా? పెట్టి ఆడుకో. గీతలు పడనీకు, ఆయ్."

కుర్రాడు క్రికెట్ డిస్కు అంచులు పట్టుకుని, లుంగీ చెంగుతో ఓసారి తుడిచి, సందులోకి నెట్టాడు. పెట్టె దాన్ని లోపలికి లాక్కుంది. ఫ్యాను గుర్రుమంది. స్టేడియం వెలిగింది. సాయంత్రానికి గుమ్మంలో పది జతల చెప్పులు. ఉన్నవి రెండే రిమోట్లు కాబట్టి వికెట్ పడ్డవాడు పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అదీ చట్టం. "మజ్జిగ తాగి ఆడండ్రా, వడ దెబ్బ కొడుతుంది" అని అమ్మమ్మ గ్లాసులు పెట్టింది. కరెంటు పోయినప్పుడు మాత్రం అందరూ అరుగు మీదికి చేరారు. పెట్టెకైనా కరెంటు లేనిదే గడవదు. నెట్ మాత్రం పది రోజులు దాటినా అక్కడక్కడా అలాగే ఉంది.

ఆటల పెట్టెలకు కాలం చెల్లిందనీ, ఇకపై ఆటంతా ఎక్కడో ఉన్న సర్వర్ మీద నడిచి, సినిమాలా తెర మీదికి ప్రవహిస్తుందనీ అప్పటికే ప్రపంచంలో గట్టిగా వినిపిస్తోంది. గూగుల్ 2019 నవంబరులో స్టాడియా పేరుతో ఆ పనే మొదలుపెట్టింది. మూడేళ్లు తిరిగాయి. 2023 జనవరి 18న సర్వర్లు ఆపేసింది. కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చింది, అది ఒప్పుకోవాలి. కానీ ఆ ఆటల్లో వాళ్లు దాటిన మెట్లు చాలావరకు పోయాయి. అంత పెద్ద కంపెనీ తలుపు మూస్తే ఆడుతున్నవాడి చేతిలో మిగిలేది ఖాళీ రిమోటే. మన బీజీఎంఐ కూడా 2022 జులై 28న కేంద్రం ఆదేశంతో ప్లేస్టోర్ నుంచి మాయమైంది. తిరిగి వచ్చేసరికి 2023 మే.

ఈ కథలో మనవాడొకడు ఉన్నాడు. హైదరాబాదులో పుట్టిన తెలుగువాడు సత్య నాదెళ్ల. ఎక్స్‌బాక్స్ అమ్మే మైక్రోసాఫ్ట్‌కు అధిపతి. 2023 జూన్ 28న శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టు బోనెక్కాడు. 6,870 కోట్ల డాలర్లకు ఆటల తయారీ కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనడం చెల్లదంటూ అమెరికా ప్రభుత్వ సంస్థ వేసిన కేసు అది. ఫలానా ఆట ఫలానా పెట్టెలోనే ఆడాలన్న పద్ధతి తనకిష్టం లేదనీ, తన చేతిలో ఉంటే ఎత్తేసేవాడిననీ జడ్జి ముందు చెప్పాడు. పెట్టెలమ్మే కంపెనీ పెద్ద నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు. అదే కొనుగోలుకు బ్రిటన్ నియంత్రణ సంస్థ ఏప్రిల్‌లోనే అడ్డు చెప్పింది. కారణం పెట్టెలు కావు, సర్వర్ మీంచి ఆట పంపే స్ట్రీమింగే. ఆ రంగంలో 60 నుంచి 70 శాతం ఒక్క మైక్రోసాఫ్ట్ చేతిలోనే ఉందని లెక్క తేల్చింది. చివరికి స్ట్రీమింగ్ హక్కులు మరో ఆటల కంపెనీ యుబిసాఫ్ట్‌కు వదులుకున్నాకే అక్టోబరులో ఒప్పందం గట్టెక్కింది.

ఇక మన గోదావరి డెల్టాలో ఆ ప్రవాహం వచ్చే దారి చూద్దాం. 2016 డిసెంబరులో అంతర్వేదికి దగ్గరి మోరి గ్రామంలో ముఖ్యమంత్రి చంద్రబాబు ఫైబర్ గ్రిడ్ ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ నెట్ ఒకే తీగలో. పల్లెటూరి ఇంటికి అది నిజంగా గొప్ప వరం. స్ట్రీమింగ్ ఆటకు కావలసిన వేగం కూడా సుమారు అంతే. అదే ఆట ఫోను డేటా మీద ఆడితే రోజువారీ ఒకటిన్నర జీబీ పదమూడు నిమిషాల్లో హరీ. పైగా సర్వర్ ముంబయిలో ఉంటే అది ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు వెళ్లి రావడానికే సెకనులో నూరో వంతు పడుతుంది. బంతి బ్యాటుకు తగిలే క్షణం అంతకన్నా చిన్నది.

వేలాది కిలోమీటర్ల ఆ తీగ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే వేలాడుతోంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. స్తంభాలు ఒరిగాయి, కొబ్బరి చెట్లు తీగల మీద పడ్డాయి. రెండు వారాలకు, నవంబరులో, మైక్రోసాఫ్ట్ స్ట్రీమింగ్ సేవ ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ భారతదేశంలో మొదలైంది.

మన కుర్రాడు అప్పటికి రాజమండ్రిలో బీటెక్ రెండో ఏడు. హాస్టల్ వైఫై మీద ఆ సేవకు నెలకు 499 రూపాయల ప్లాను తీసుకుని ఆడాడు. బాగుందన్నాడు. నాకూ సంతోషమే. మన దేశానికొచ్చిన కొత్తలో ప్లేస్టేషన్ 5 ధర 49,990 రూపాయలు. కౌలు రైతు కొడుకు ఆ పెట్టె ఎప్పటికి కొంటాడు? వాడికి ఈ 499 చాలు. డిస్కులు ఆపేసి, నెట్ ఉన్నవాడికే ఆట అనే రోజు తేవద్దనే నా గొడవంతా.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పాత ప్లేస్టేషన్ అమ్మేద్దామా అని బావ అడిగాడట. కుర్రాడు ఒప్పుకోలేదు.

"ఉండనివ్వు బావా. మళ్లీ నెట్ పోతే పేటలో పిల్లలంతా మనింటికే వస్తారు."