పురస్కారానికి ముందు బడి: బోడో అనుభవం, గోర్ బోలీ ప్రశ్న

నిజాం కాలపు ఉన్నతాధికారి మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకునేనాటికి బంజారాహిల్స్ రాళ్ల గుట్టల మీద ఉన్నది బంజారాలు అని కూడా పిలిచే లంబాడీలే. ఆ కొండలకు వాళ్ల పేరే స్థిరపడింది. నగరంలో ఇంత ఖరీదైన నేలకు పేరిచ్చిన జనం మాట్లాడే గోర్ బోలీకి మాత్రం కేంద్ర సాహిత్య అకాడెమీ వార్షిక పురస్కారాల్లో చోటు లేదు. మాట్లాడేవారు తక్కువై కాదు. 2011 జనగణనలో లమాణీ, లంబాడీ (ఇవి గోర్ బోలీకే మరో పేర్లు) తమ మాతృభాష అన్నవారు 32 లక్షలు దాటారు. అస్సాంలోని బోడో మాతృభాషగా ఉన్నవారు 15 లక్షల లోపే. అయినా బోడోకు 2005 నుంచి పురస్కారం ఉంది. ఆ 32 లక్షల మందిని జనగణన హిందీ పద్దులో కలిపేసింది.

కారణం అడిగితే అందరూ రాజ్యాంగంలోని భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలునే చూపిస్తారు. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణ బోడో, సంతాలీ, మైథిలి, డోగ్రీలను అందులో చేర్చిన మాట నిజమే. కానీ మైథిలికి తొలి అకాడెమీ పురస్కారం 1966లోనే, డోగ్రీకి 1970లోనే వచ్చింది. రాజస్థానీ నేటికీ షెడ్యూలు బయటే ఉంది, అకాడెమీ గుర్తించిన 24 భాషల్లో మాత్రం ఉంది. కాబట్టి షెడ్యూలు కోసం ఎదురుచూస్తూ అకాడెమీ తలుపు తట్టకపోవడం పొరపాటని నా అభిప్రాయం.

అయితే తలుపు తట్టేవారి చేతిలో పుస్తకాలుండాలి. ప్రతి భాషకూ అకాడెమీలో ఒక సలహా మండలి, ముగ్గురు న్యాయనిర్ణేతలు ఉంటారు. వాళ్లు ఏటా వడపోసి ఎంచడానికి సరిపడా రచనలు రావాలి, వాటిని కొని చదివేవారు కావాలి. బోడోలు ఆ పని ముందే మొదలుపెట్టారు. 1952లో బోడో సాహిత్య సభ ఏర్పడింది. 1963లో ప్రాథమిక బడుల్లో బోడో బోధనా మాధ్యమమైంది. 1974-75లో రోమన్ లిపి కోసం ఉద్యమం చేసి ప్రాణాలు పోగొట్టుకున్నారు. చివరికి దేవనాగరికి ఒప్పుకున్నారు. 2005లో మంగళ్‌సింగ్ హజోవారీ కవిత్వానికి వచ్చిన తొలి పురస్కారం వెనక ఇంత కథ ఉంది. 2014లో పురస్కారం పొందిన కవి ఉర్ఖావ్ గ్వరా బ్రహ్మ ఒకప్పుడు అఖిల బోడో విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు. ఉద్యమమూ సాహిత్యమూ అక్కడ వేరువేరు ఇళ్లలో పెరగలేదు.

మన దగ్గర, నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్‌కు ‘ఢావ్లో’ కథలకు గాను 2024లో అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. పెళ్లిలో అత్తారింటికి వెళ్లే పిల్ల ఏడుస్తూ పాడే పాట పేరు తెలుగు కథల సంపుటి అట్ట మీదికెక్కింది. తెలుగు కథ దీనివల్ల బలపడింది, సంతోషించాలి. కానీ ఆ పుస్తకాన్ని ఎంచింది తెలుగు న్యాయనిర్ణేతలు, తెలుగు రచనగా. అదే చెయ్యి గోర్ బోలీలో రాసి ఉంటే ఆ పుస్తకం ఏ మండలి ముందుకూ వెళ్లేది కాదు. గుర్తింపు లేని భాషల కోసం 1996లో అకాడెమీ పెట్టిన భాషా సమ్మాన్ ఉంది గానీ, అది ఏటా ఒకే భాషకు దక్కేది కాదు.

గోర్ బోలీకి అసలు చిక్కు లిపి. తెలంగాణలో తెలుగు లిపి, కర్ణాటకలో కన్నడ లిపి, మహారాష్ట్రలో దేవనాగరి. మహారాష్ట్రలోని యవత్మాల్‌లో అచ్చయిన పాటల పుస్తకాన్ని దేవరకొండ తండా కుర్రాడి చేతిలో పెడితే పేజీలు తిప్పి పక్కన పెడతాడు. ఎవరైనా పైకి చదివితే తన ఇంటి మాటలే కదా అని కూర్చుని వింటాడు. తండా బడిలో ఒకటో తరగతి వాచకం తెలుగు లిపిలో గోర్ బోలీలో రావడమే ఇక్కడి పిల్లలకు సులువు. ఆ అక్షరాలు వాళ్లు ఎలాగూ నేర్చుకుంటారు. కానీ జాతీయ గుర్తింపు కోరేటప్పుడు కొంకణి అనుభవాన్ని మరచిపోకూడదు: అకాడెమీ కొంకణి పురస్కారానికి దేవనాగరి రచనలనే తీసుకోవడంతో రోమన్, కన్నడ లిపుల్లో రాసేవారు బయటే ఉండిపోయారు. మూడు రాష్ట్రాల గోర్ రచయితలు కలిసి ఇచ్చే దరఖాస్తులోనే మూడు లిపుల రచనలనూ సమానంగా పరిశీలించాలన్న షరతు మొదటి వాక్యంగా ఉండాలి.