వేతాళకథలయందు హాస్యభయానకముల పొందిక

వేతాళపంచవింశతిక యొక్క కవి చేతిలోఁ బుట్టి యొక్క కవి చేతిలోనే ముగిసిన గ్రంథము గాదు. నడిరేయి, శ్మశానము, చెట్టునకు వ్రేలాడు శవము, దానిని భుజముపై మోయు రాజు, దారి పొడవునఁ గథలు చెప్పు వేతాళుఁడు: ఈ చట్రమును గట్టినవారు వేఱు, అందుఁ గథలు నింపినవారు వేఱు, తీసి మార్చి కూర్చినవారు వేఱు. క్రీ. శ. 11వ శతాబ్దమునఁ గాశ్మీరమున క్షేమేంద్రుఁడు బృహత్కథామంజరిలోను, సోమదేవభట్టు కథాసరిత్సాగరములోను వీనిని శ్లోకబద్ధముగాఁ జెప్పిరి. గుణాఢ్యుని పైశాచీ బృహత్కథ నష్టమైనది. దానిని వేఱొక తీరున సంగ్రహించిన బుధస్వామి గ్రంథమున, లభించినంతవఱకు, ఈ కథలు గానరావు. అందుచేత నివి మొదట స్వతంత్రముగా వాడుకలో నుండి పిమ్మటఁ గాశ్మీరదేశపు బృహత్కథలోఁ జేరిన వని పలువురు విమర్శకులు తలఁచుచున్నారు. శివదాసుఁడు గద్యపద్యాత్మకముగా నొక పాఠమును, జంభలదత్తుఁడు గద్యముగా మఱియొక పాఠమును గూర్చిరి. మొదటిదానిని ఊలె పండితుఁడు 1881లో లైప్జిగ్ నగరమునను, రెండవదానిని ఎమెనో పండితుఁడు 1934లో అమెరికాలోను బరిష్కరించి ప్రకటించిరి.

ఇట్లు పెక్కుచేతులు పడిన భయానకకథలో హాస్యము విస్తారముగాఁ గలదు. అదియు విదూషకుని వికటహాస్యము గాదు. పసిబిడ్డల చేష్టలవలె ముద్దుగొలుపు ముగ్ధహాస్యము. రాజసభలో నొక కోఁతి పండు కొఱుకుట, తామరపూవు మీఁదఁబడి రాణి గాయపడుట, ఏడు పఱుపుల క్రింది వెండ్రుక యొకని మేను గందఁజేయుట, ఇవి యన్నియు శవము నోటినుండి గాని శవయాత్రకు ముందుగాని వచ్చుచున్నవి. ఇది చూచి, మూలము గంభీరమై యుండఁగాఁ దరువాతివారు వినోదార్థము నవ్వులు చొప్పించి భయానకమును జెఱచి రని యెవరికైనఁ దోఁపవచ్చును. బాలురకై కథ లేర్చికూర్చు వారియందు దీనికి విపరీతమైన యభ్యాసము గలదు: వారు సుకుమారులైన రాణుల కథను గ్రహించి శ్మశానమును విడిచిపెట్టుదురు. రెండు తలంపులకును మూల మొక్కటే. హాస్యమును భయానకమును ఈ కథలలో విడదీయవచ్చు నని యుభయులును నమ్మిరి.

లక్షణమును బట్టి చూచిన నీ నమ్మకము వింతగాదు. భరతుఁడు హాస్యమునకు శృంగారమును, భయానకమునకు బీభత్సమును బుట్టినిండ్లుగాఁ జెప్పెను. రెండింటికిని జుట్టఱికము లేదు. అయినను 9వ శతాబ్దమునఁ గాశ్మీరముననే యానందవర్ధనుఁడు రసవిరోధమును బరిహరించు త్రోవలు చూపియున్నాఁడు. ఒకే యాశ్రయమునఁ గలసియుండరాని రసములను వేర్వేఱు వ్యక్తులయందు నిలుపుట యొకటి. వెనువెంటనే రారాని రసముల నడుమ మూఁడవరసమును జొనుపుట మఱియొకటి. దీనికి నాగానందమును జూపెను. ఈ సూక్ష్మము వేతాళకథలకుఁ దాళపుఁజెవి వంటిది. సోమదేవుఁడు ధ్వన్యాలోకమును ముందుంచుకొని కథ వ్రాసె నని చెప్పుట కాదు. కథకుల చేతికి సహజముగా నబ్బిన మెలఁకువనే యాలంకారికుఁడు సూత్రీకరించె ననుట.

కథారంభమునే చూడుఁడు. గోదావరీతీరమునందలి ప్రతిష్ఠానమున త్రివిక్రమసేనుఁడు రాజు. క్షాంతిశీలుఁ డను భిక్షువు ప్రతిదినమును వచ్చి యొక పండు నొసఁగి పోవుచుండును. రాజు దానిని భాండాగారాధ్యక్షుని చేతికిచ్చును. అతఁడు లోనికిఁ బాఱవేయును. పదియేండ్లు గడచెను. ఒకనాఁ డొక పెంపుడుకోఁతి కావలివారి చేతినుండి తప్పించుకొని సభకు రాఁగా రాజు దానికాపండు నిచ్చెను. కోఁతి కొఱికెను, పండు పగిలెను, లోనుండి యమూల్యరత్నము జాఱిపడెను. భాండాగారమును దెఱచి చూడఁగాఁ బండ్లు క్రుళ్లి రత్నములు రాసి పడియున్నవి. సహనమే స్వభావముగాఁ గలవాఁ డని విగ్రహవాక్యము చెప్పఁదగిన పేరుగల యీ భిక్షువు పదియేండ్లు కాచికొని యున్నాఁ డన్నచోట వినువానికి వెన్ను జలదరించును. కాని యా జలదరింపు కోఁతి చేష్టను జూచి నవ్విన పెదవి యింకను మూయకమునుపే కలుగును. కోఁతి లేనిచో నీ రహస్యమును మంత్రియో చారుఁడో బయలుపెట్టవలసియుండును. అప్పుడది రాజకార్యమగును గాని భయానకము గాదు.

శవమును దింపు ఘట్టము దీనికంటెను సూక్ష్మమైనది. కృష్ణచతుర్దశి రాత్రి భిక్షువు పంపఁగా రాజు శింశుపావృక్షము, అనఁగా ఇరుగుడుచెట్టు, నొద్దకుఁ బోయి త్రాడు కోసెను. శవము నేలఁబడి దెబ్బతగిలినదానివలె నఱచెను. రాజు దయగలవాఁడు, బ్రతికియున్నవాఁడేమో యని తలఁచి, దిగివచ్చి దాని యంగములను దడవెను. అంతట శవ మట్టహాసము చేసెను. వేతాళుఁ డావేశించినాఁ డని యెఱిఁగి రాజు బెదరక, ఏల నవ్వెదవు, రమ్ము పోవుదము, అనెను. అన్నంతనే నేలపై శవము లేదు. మరలఁ జెట్టునకు వ్రేలాడుచున్నది.

ఇందు మొదట భయము, పిదప జాలి, పిదప నవ్వు, మరల భయము. నవ్వు శవమునకు, జాలి రాజునకు. ఆశ్రయములు వేఱు. రాజు వేతాళునితోఁ గలసి నవ్వినచో శ్మశానము నాటకరంగ మగును. రాజు వడఁకినచోఁ గథ ముందునకుఁ బోదు. ఆ రాజు చేసినది రెండును గాదు: పీనుఁగునకు నొప్పి కలిగె నేమో యని యొడలు నిమిరెను. ఆ నిమురుటలో హాస్యము లేకపోలేదు. కాని యది రాజు నెగతాళి చేయదు, వానిపైఁ బ్రీతి పుట్టించును. పిమ్మటి యిరువదినాలుగు కథల పొడవునను శ్రోత రాజువెంట నడచుటకుఁ గారణ మీ యొక్క చేష్టయే యనవచ్చును.

వేతాళుఁడు కథలు చెప్పుట దారియలసటను బాపు వినోదమునకే యని తానే పలుకును. ఎఱిఁగియు సమాధానము చెప్పకున్న శిరస్సు పగులు నని బెదరించువాఁడును వాఁడే. వినోదము, వధ ఒకే నోట నుండుట యీ చట్రము యొక్క జీవము. అందుచేతనే లోపలికథ యెంత తేలికయైనను దాని క్రింద బరువుండును. భోజనచంగుఁడు, నారీచంగుఁడు, శయ్యాచంగుఁడు నను మువ్వు రన్నదమ్ముల కథ విశుద్ధహాస్యముగాఁ దోఁచును. యాగమునకుఁ దాఁబేలును దెమ్మని తండ్రి పంపఁగా, జిగటగా నున్నదానిని దా నంటనని యొక్కొక్కఁడును దన నాజూకుఁదనమునే సాకుగాఁ జెప్పి తగవులాడుకొని, తగవు తీర్పుమని ప్రసేనజిత్తు నొద్దకుఁ బోవుదురు. రాజు పరీక్షింపఁగా భోజనచంగుఁడు మృష్టాన్నమును ముట్టక ముక్కు మూసికొనెను: అన్నమునఁ బీనుఁగుపొగ వాసన యున్నదఁట. విచారింపఁగా నా ధాన్యము గ్రామశ్మశానము చేరువనున్న పొలమునఁ బండినదని తేలెను. నవ్వుచున్న శ్రోత కిచటఁ దటాలున జ్ఞప్తికి వచ్చును: ఈ కథను జెప్పుచున్నది పీనుఁగు, వినుచున్నవాని ముక్కునకు దాని వాసన యింకను దగ్గఱ. ఐరోపాలో 1835లో ఆండర్సన్ ప్రకటించిన బఠానిగింజ రాకుమారి కథలోను బఱుపుల క్రింద నొత్తిడి కలదు, ముద్దైన కథయే. కాని యా పానుపు చెంత శ్మశానము లేదు.

ధర్మధ్వజుని రాణులు మువ్వురు. చెవినుండి జాఱిన కలువ తొడపైఁబడి యొకతె గాయపడెను. వెన్నెల సోఁకి యొకతె మేను బొబ్బలెక్కెను. ఎక్కడనో రోకటిపోటు వినఁబడఁగా మూఁడవయామె చేతులు కందెను. దీనికి వ్యాఖ్య యక్కఱలేదు.

హాస్యమెంత లోతునకుఁ బోఁగలదో తెలియఁగోరువారు చంద్రావలోకుని కథను జూడవలెను. బ్రహ్మరాక్షసుని రావిచెట్టు క్రింద నజ్ఞానమున విశ్రమించిన రాజు ప్రాణము దక్కవలెనన్న, ఏడేండ్ల బ్రాహ్మణబాలుఁడు తనంతఁ దానొప్పుకొని బలి కావలెను. తలిదండ్రులు వాని కాలుసేతులు పట్టుకొనవలెను. రాజు స్వయముగా నఱకవలెను. సువర్ణమునకును గ్రామములకును నాసపడిన దరిద్రదంపతు లొప్పుకొనిరి. తల్లి చేతులు పట్టెను, తండ్రి కాళ్లు పట్టెను, రాజు కత్తి యెత్తెను, బాలుఁడు నవ్వెను. చుట్టునున్నవారందఱును జేసెడి పని మాని చేతులు జోడించి వానిమొగము చూచిరి. వాఁ డేల నవ్వె నని వేతాళుని ప్రశ్న. దుర్బలునకు భయము కలిగినఁ దల్లినిఁ దండ్రిని బిలుచును, వారు లేకున్న రాజును, ఆ పైని దైవతమును బిలుచును. వీరందఱు నొక్కచోటఁ జేరి, నశించు దేహమునకై తన్ను జంపఁజూచుచున్నారు గదా యని యాశ్చర్యమున నవ్వె నని రాజు తీర్పు. చెట్టుక్రింద శవము నవ్విన నవ్వునకు నిది ప్రతిధ్వని. రెండుచోట్లను నవ్వినవాఁడు చావుతోఁ బొత్తుగలవాఁడే. బ్రతుకు కాపాడుకొనువారికి నవ్వు రాలేదు. నవ్వులను దరువాతివారు చొప్పించి రనువాదమున కీ కథ యొప్పుకొనదు. నవ్వును దీసివేసినచో నిందుఁ బ్రశ్నయే లేదు, కథయే లేదు.

చేతులు మాఱినకొలఁది యీ తూనిక యెట్లు మాఱినదో చరిత్ర చెప్పుచున్నది. క్షేమేంద్రుఁడు నర్మమాలాదులను రచించిన హాస్యచతురుఁడు, ఔచిత్యమున కొక గ్రంథమే వ్రాసినవాఁడు. అట్టివాఁ డీ కథలను బిగించి బిగించి యస్పష్టమగునంతగాఁ గుదించెను. హాస్యమునకుఁ బేరులేని సోమదేవుఁడే దానికిఁ గావలసిన తీఱిక నిచ్చెను. ముగ్ధహాస్యమునకుఁ దీఱిక ప్రాణము. కోఁతి పండు కొఱుకుటకుఁ జోటియ్యవలెను. శివదాసుఁడు సుభాషితములను మెండుగాఁ గుప్పించెను. పాఠశాలల కవి యుపయోగపడును గాని దారిలో నడచువాని కడుగడుగున నడ్డుపడును.

టిబెటు, మంగోలుదేశములకుఁ బోయిన పాఠమున రాజుతీర్పే పోయినది. అచట నాగార్జునుఁడు పంపఁగా శవమును మోసికొని వచ్చువాఁడు మాటాడరాదు. కథ తుద కతఁ డయ్యో యనియో ఆహా యనియో నోరు జాఱును, శవము పాఱిపోవును. యూలిగ్ పండితుఁ డీ సిద్ధికూరు కథలను గాల్మకుభాషనుండి 1866లో జర్మనుభాషలోనికిఁ దెచ్చెను. భారతీయపాఠమున ధర్మనిర్ణయమునకై మౌనము విడుచు రాజు గలఁడు; ఇచటఁ గథపై నిష్టము పట్టలేక మౌనము విడుచు శ్రోత గలఁడు. గాంభీర్య మొక మెట్టు దిగినను హాస్యము భయమునకుఁ గట్టువడియే యున్నది, నవ్వించునదియు శవమును బోగొట్టునదియు నొకే మాట యగుటచేత.

1870లో బర్టనుదొర యింగ్లీషులో వ్రాసినదానికి నీ మన్నన దక్కదు. అతఁడు పదునొకండు కథలనే గ్రహించి, వేతాళుని నోటఁ దనకాలపు మనుష్యులపై నెత్తిపొడుపులు పెట్టెను. చదువుట కింపుగా నుండును. అయినను బరిహసించువాఁడు శవము గాక గ్రంథకర్త యని తోఁచినంతనే చీఁకటి తొలఁగిపోవును.

తెలుఁగువారి బేతాళుఁడు చాలమందికి చందమామలో నెదురైనవాఁడే. 1947లో మదరాసున మొదలైన యా పత్రిక 1950 దశకమునుండి నెలనెలయు బేతాళకథను బ్రకటించెను. ప్రాఁతకథలు తఱిగిన పిదపఁ బలువురు వ్రాసిన క్రొత్తకథలా చట్రములో నమరెను. శవమును మోయు రాజు బొమ్మను శంకర్ గీసిన తీరు దేశమంతట నిలిచినది. కాశ్మీరమున జరిగినదే యిచటను జరిగెను: చట్రము నిలువఁగాఁ గథలు వచ్చి చేరుట. శ్మశానమును మాత్రము వారు విడువలేదు. ప్రతినెలయు నర్ధరాత్రి, ప్రతినెలయు శవము. పసివారికిఁ దగదని దానిని దీసివేసి యుండినచో నవి వట్టి తగవుల కథలు. పోయిన దొక్కటి: భిక్షువు. నెలనెలయు సాగవలసిన కథ కిరువదియైదవరాత్రి రారాదు గనుక రాజు నోరు మూఁతపడదు, వటవృక్షము క్రింది మండలము చేరువగాదు. పట్టువదలని విక్రమార్కుఁ డన్నది తెలుఁగున జాతీయమైనది గాని యాతఁడెవనియొద్దకుఁ బోవుచుండెనో పలువురు మఱచిరి.

సోమదేవుని తుదికథ యన్నింటిలోఁ బసితనపుది. తండ్రికొడుకు లడవిలో నిద్దఱు స్త్రీల యడుగుజాడలను జూచి, పెద్దయడుగులామె తండ్రికి, చిన్నయడుగులామె కొడుకునకు భార్య యని యొడంబడిరి. తీరఁ జూడఁగాఁ బెద్దయడుగులు కూఁతురివి, చిన్నవి తల్లివి. మాట తప్పరాదు గనుక నట్లే పెండ్లిండ్లైనవి. ఈ రెండు జంటలకుఁ బుట్టిన బిడ్డలు పరస్పర మేమగుదురు? చిన్నపిల్లలు వ్రేళ్లు మడచి లెక్కించెడి పొడుపుకథ. ప్రాణసంకటపు ధర్మసందేహములకన్నిటికిని దడవులేక తీర్పిచ్చిన రాజునకు దీనికి జవాబు దొరకలేదు. ఊరక నడచెను. ఆ మౌనముచేతనే వేతాళుఁడు మెచ్చి, భిక్షువు నిన్ను బలియియ్యఁ దలఁచినాఁడు, సాష్టాంగపడు మన్నప్పుడు నీవే చూపుమని యడుగుము, అని మర్మము విప్పెను. రాజట్లే యడిగి, వంగినవాని తల నఱికెను.

వరము కోరుకొమ్మనఁగా నీ కథలు లోకమునఁ బ్రసిద్ధము లగుఁగాక యని మాత్రమే రాజడిగెను. వేతాళుఁ డొప్పుకొని, ఇవి చదువఁబడుచోట యక్షులకును వేతాళాదులకును బ్రభావముండదని తనంతఁ దానే చేర్చెను. తన కథ వినఁబడు ప్రతి యింటినుండియుఁ దన్నుఁ దానే వెడలఁగొట్టుకొని వాఁడు శవమును విడిచిపోయెను.