జైహింద్ అనేటప్పుడు ఒక హైదరాబాదీని తలుచుకుందాం

ఈసారి కొంచెం పొడుగ్గా రాశాం, ఓపికగా చదవండి.

ఆగస్టు 15న జెండా ఎగరేశాక మనమందరం కలిసి "జైహింద్" అంటాం. ఆ మాట మొదట ఎవరన్నారని అడిగితే ఇక్కడ మదరాసులో చెంబగరామన్ పిళ్ళై పేరు చెబుతారు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, ఆ పేరు వింటూనే పెరిగాం. గిండీ గాంధీ మండపంలో ఆయన విగ్రహం కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో ఉండి తెల్లదొరల మీద పోరాడిన పెద్దాయన, ఆయన గొప్పతనాన్ని తగ్గించే ఉద్దేశం మాకు లేదు. కానీ నేతాజీ సైన్యంలో ఆ మాటను అందరి నమస్కారంగా చేసినవారుగా చాలామంది చెప్పే పేరు మరొకటి ఉంది. ఆయనే ఆబిద్ హసన్ సఫ్రానీ గారు, మన హైదరాబాదువారు.

ఆయన 1911లో పుట్టారు. ఇంజనీరింగు చదువుకని జర్మనీ వెళ్ళారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా సుభాష్ చంద్రబోసు బెర్లిన్ చేరుకున్నారు. ఆబిద్ గారు చదువు పక్కన పెట్టి నేతాజీకి కార్యదర్శిగా, దుబాసీగా చేరిపోయారు.

జర్మనీకి యుద్ధఖైదీలుగా చిక్కిన భారత సిపాయిలతో నేతాజీ అక్కడ ఒక దళం కట్టారు. బ్రిటిషువాళ్ళ సైన్యంలో సిపాయిలను మతం, కులం చూసి విడివిడి కంపెనీలుగా పెట్టేవారు. ఇక్కడ అందరినీ కలిపేశారు. మరి ఒకరికొకరు ఎదురుపడితే ఏమని పలకరించుకోవాలి? ఒకరు రామ్ రామ్ అంటారు, ఒకరు సలాం అంటారు, ఒకరు సత్ శ్రీ అకాల్ అంటారు. అందరికీ సరిపోయే మాట ఒకటి చూడమని నేతాజీ ఆబిద్ గారికి చెప్పారట. ఆయన మొదట "హలో" అంటే చాలన్నారట, నేతాజీ కోప్పడ్డారట. తర్వాత వచ్చిందే "జైహింద్" అని చెబుతారు.

ఆయన పేరులో సఫ్రానీ అన్నదానికీ ఒక కథ ఉంది. జెండా రంగు మీద సిపాయిల్లో వాదన వచ్చింది. హిందువులు కాషాయం కావాలన్నారు, ముస్లిములు ఆకుపచ్చ కావాలన్నారు. చివరికి హిందువులే తమ పట్టు వదులుకున్నారు. అది చూసి ఆబిద్ గారి మనసు కరిగి, వాళ్ళు వదులుకున్న కాషాయాన్ని తన పేరులో పెట్టుకున్నారని అంటారు. సఫ్రానీ అంటే కాషాయ రంగువాడు అని అర్థం.

1943 ఫిబ్రవరిలో నేతాజీ జర్మనీ వదిలి ఆసియాకు బయలుదేరారు. కీల్ రేవు నుంచి యూ-180 అనే జలాంతర్గామిలో ప్రయాణం. వెంట తీసుకెళ్ళింది ఒక్క ఆబిద్ గారినే. దాదాపు మూడు నెలలు డీజిలు కంపు మధ్య, కాళ్ళు చాపుకోవడానికి కూడా చోటు లేని చోట. నేతాజీ చెబుతూ ఉంటే ఆబిద్ గారు రాసుకుంటూ ఉండేవారు. ఏప్రిల్ చివర మడగాస్కరు దగ్గర నడిసముద్రంలో, అలల మీద చిన్న రబ్బరు తెప్పలో ఇద్దరూ జపాను వాళ్ళ ఐ-29 జలాంతర్గామికి మారారు. మే నెలలో సుమత్రా దగ్గర సబాంగ్‌లో దిగారు.

1944లో ఆబిద్ గారు ఆజాద్ హింద్ ఫౌజు మేజరుగా ఇంఫాల్ వైపు యుద్ధానికి వెళ్ళారు. వాన, మలేరియా, ఆకలి. వెనక్కి నడిచి రావడంలోనే ఎందరో పోయారు. తరువాత ఆయన ఆ రోజుల గురించి చేసిన ప్రసంగం "ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్" పేరుతో వచ్చింది. అన్ని రాష్ట్రాలవాళ్ళు, అన్ని మతాలవాళ్ళు విడదీయలేనంతగా కలిసిపోయి నడిచారని అందులో గర్వంగా చెప్పుకున్నారు.

1945 ఆగస్టు 17న సైగాన్ దాకా నేతాజీ వెంట వచ్చినవాళ్ళలో ఆయన కూడా ఉన్నారు. అక్కడ విమానంలో నేతాజీ కాక ఇంకొకరికే చోటు దొరికింది. హబీబుర్ రెహమాన్ ఎక్కారు, ఆబిద్ గారు ఉండిపోయారు. మర్నాడే తైపేలో ప్రమాదం. ఆ తరువాత ఈయన బ్రిటిషువాళ్ళ చేతికి చిక్కి ఖైదులో ఉన్నారు.

1947 ఆగస్టు 15న దేశమంతా జైహింద్ అంటున్నప్పుడు ఆయన సొంత ఊరు హైదరాబాదు ఇంకా నిజాం చేతిలోనే ఉంది, హింద్‌లో కలవలేదు. అది కలిసింది 1948 సెప్టెంబరులో. ఇటు స్వతంత్ర భారతదేశపు మొదటి తపాలా బిళ్ళ 1947 నవంబరు 21న వచ్చింది. మూడున్నర అణాల బిళ్ళ, దాని మీద జెండా, పక్కన "జైహింద్".

స్వాతంత్ర్యం వచ్చాక ఆజాద్ హింద్ ఫౌజు వాళ్ళను మన సైన్యంలోకి తిరిగి తీసుకోలేదు. యూనిఫారం తలుపు మూసుకుంది. విదేశాంగ శాఖ తలుపు మాత్రం కొందరికి తెరుచుకుంది. సింగపూరులో ఫౌజు అమరులకు స్మారకం కట్టించిన కల్నల్ సిరిల్ స్ట్రేసీ అలా వెళ్ళినవారే. ఆబిద్ గారూ అలాగే వెళ్ళారు. ఈజిప్టులో, డెన్మార్కులో మన దేశం తరఫున పనిచేశారు. 1969లో రిటైరై హైదరాబాదుకే వచ్చేశారు, 1984లో కాలం చేశారు. ఆయన అన్న కూతురు సురయ్యా హసన్ బోస్ గారు మష్రూ, హిమ్రూ నేతలకు మళ్ళీ ప్రాణం పోసినావిడ. ఆమె పెళ్ళాడింది నేతాజీ అన్న కొడుకును. చేనేత కుటుంబాల పిల్లల కోసం ఆమె నడిపిన బడికి పెట్టిన పేరు సఫ్రానీ మెమోరియల్.

ఇంట్లో ఉర్దూ మాట్లాడినాయన, మన తెలుగు సంఘంలో ఆయన సంగతి ఎందుకు అని కొందరు అడగొచ్చు. ఆ ప్రశ్న మనకు కొత్త కాదు. కోడంబాక్కంలో మనల్ని గొల్టీలంటారు. విజయవాడ వెళితే మన యాస విని అరవవాళ్ళా అంటారు. తమిళంలో చదువుకుని, తెలుగులో అమ్మను పిలిచిన మనం ఎవరమని ఎవరు తేల్చాలి? మనల్ని అలా అడిగితే నొప్పి తెలుసు కాబట్టి, ఇంకొకరిని మనం అడగకూడదని మాకు తోస్తుంది. పక్కవాడు వదులుకున్న రంగును తన పేరుగా పెట్టుకున్న మనిషి మనవాడు కాకపోతే ఇంకెవరు మనవాడు?

వచ్చే ఆగస్టు 15న మిఠాయి పంచే ముందు పిల్లలకు ఈ కథ ఒక ఐదు నిమిషాలు చెప్పండి. చెంబగరామన్ గారి పేరూ చెప్పండి, ఆబిద్ గారి పేరూ చెప్పండి. ఆ తర్వాత అందరం కలిసి గట్టిగా అందాం.

జైహింద్.