మాచునూర్ రేడియో ముచ్చట

ఇటు జరుగు బిడ్డా, మంట దగ్గర కూసో. ఆ ఫోను జరసేపు బోర్లపెట్టు, ఏం కాదు. రేడియో ముచ్చట చెప్తనన్న కద, చెప్తున్న. తొందరపడితె మాత్రం కుదరదు. నడుమల నాకు వేరే ముచ్చట్లు యాదికొస్తయి, అవి గూడ వినాలె.

మీకు రేడియో అంటె కారుల పాట. మా చిన్నతనంల రేడియో అంటె పటేలింటి సొత్తు. ఊరంతటికి ఒకటో రెండో. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ అని పేర్లు. చెక్కపెట్టె, ముందల బట్ట తొడుగు, లోపల వాల్వులు. మీట తిప్పంగనే మాట్లాడేది కాదు. వాల్వులు ఎర్రగ కాగాలె, జరసేపు గుర్రుమనాలె, అప్పుడు మనిషి గొంతు పలికేది. ఇంటి మీద రెండు కట్టెలు నిలబెట్టి జాలితీగ కట్టేటోళ్లు, అది ఏరియల్. దాని మీద కాకి వాలినా పటేలు లోపలికెళ్లి ఉరికొచ్చి అదిలించేటోడు.

కొంటె అయిపోయిందనుకునేవు. ఏటేటా పోస్టాఫీసుల లైసెన్సు కట్టాలె. డెబ్బైల కాలంల ఏడాదికి 15 రూపాయలు. చారణాకు చాయ దొరికే రోజులవి. పొద్దంత ఒంగి కలుపు తీస్తె ఆడమనిషికి రెండు రూపాయలు వస్తె గొప్ప. లెక్క నువ్వే ఏసుకో. లైసెన్సు ఎగ్గొట్టిన పెద్దమనుషులు లేకపోలేదు. తనిఖీకి వస్తున్నరని తెల్వంగనే రేడియోను గడ్డివామిల దాచి, ఇంటి మీద ఏరియల్ తీగను మాత్రం అట్లనే వదిలేసినోళ్లను నేనెరుగుదు. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగుడంటె అదే మరి.

తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చినయి. తోలుసంచిల పెట్టి భుజానికి ఏసుకొని, వినేటోడున్నా లేకున్నా పెద్దగ మోగించుకుంట బజాట్ల తిరుగుడు. పెండ్లిల సైకిలు, గడియారం, రేడియో, మూడూ పెట్టాలె. రేడియో పెట్టలేదని అలిగి పీటల మీదికెళ్లి లేసిన అల్లుండ్లున్నరు. సెల్లు అయిపోతె పారేసుడు లేదు. గోడ మీద ఎండకు పెడితె ఇంకో రెండు రోజులు పలికేవి. బుధవారం రాత్రి సిలోన్ స్టేషన్ల బినాకా గీత్‌మాలా, అమీన్ సయానీ గొంతు. అదే సిలోన్ల మీనాక్షీ పొన్నుదురై తెలుగు పాటలు ఏసేది, ఆ తల్లి గొంతు వింటె... ఆగాగు, నేను సముద్రం దాటిపోతున్న. జహీరాబాద్ దిక్కున్న మాచునూర్‌కు రావాలె.

మా దిక్కు ముందుగాల దక్కన్ రేడియో ఉండె. 1935ల నిజాం సర్కారు చేతికొచ్చింది, 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోల కలిసింది. రాజు మారె, స్టేషన్ పేరు మారె. మాట్లాడేటోళ్లు మాత్రం మారకపోయిరి. చదువుకున్నోళ్లు, పట్నపోళ్లు. ఎవుసం మీద చెప్పేది గూడ వాళ్లే. సంకరం విత్తనం పెట్టున్రి, యూరియా ఇంత చల్లున్రి, నీళ్లు ఇన్నిసార్లు కట్టున్రి అని. మాయి ఎర్ర చెల్కలు, వాన పడితె పంట. ఒక్క చెల్కల జొన్న, కంది, కొర్ర, సామ, అనుములు కలిపి ఏస్తం, ఒకటి పోతె ఒకటి దక్కుతది. ఆ లెక్క తెలిసినోళ్లు మా ఆడోళ్లు. మాలమాదిగ వాడల అవ్వలైతె ఏ విత్తనాన్ని బూడిదల కలపాలె, దేనికి ఏపాకు ఎయ్యాలె, అంత నోటి మీద చెప్తరు. పొద్దుగూకంగ కూలికెళ్లి వచ్చుకుంట పటేలింటి గోడ అవుతల నిలబడి, నెత్తి మీది గంప దించకుంట రేడియో వినేటోళ్లు. లోపలికి రమ్మనే మర్యాద లేదప్పుడు. ఆ పెట్టె వాళ్లకు పొద్దుమాపు బుద్ధులు చెప్పింది గని, మీకేమెరుక అని ఒక్కనాడు వాళ్లనడిగింది లేదు. ఎద్దు పుండు కాకికేం తెలుసు?

1983ల జహీరాబాద్ పక్కన పస్తాపూర్ల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. అందరు డీడీఎస్ అంటరు. దాన్ని నడిపినోళ్లల్ల పి.వి. సతీష్ ఒకడు. దూరదర్శన్ల కార్యక్రమాలు తీసిన మనిషి, అది వదిలిపెట్టి ఈ రాళ్ల నేలకొచ్చిండు. 2023 మార్చిల కాలం చేసిండు. ఊరూర దళిత ఆడోళ్లు సంఘాలు కట్టిన్రు. పడావు పడ్డ భూములు సాగుజేసిన్రు, పోయిన విత్తనాలు ఎతికి తెచ్చిన్రు. విత్తనం తీసుకపోయినోళ్లు పంట చేతికొచ్చినంక రెండింతలు తిరిగియ్యాలని కట్టుబాటు పెట్టుకున్నరు. ఇంత చేసినంక తొంభైలల్ల వాళ్లు అడిగిందేంది? మాకు మా రేడియో కావాలె అన్నరు. నవ్వినోళ్లు మస్తు మంది. చదువు రాదు, సంతకం రాదు, రేడియో ఎట్ల నడుపుతరు అని. మాట్లాడనీకె చదువెందుకని మాత్రం వాళ్లకెవ్వలికి తోచలేదు.

సర్కారుకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఉండె. తెల్లోళ్లు చేసింది, తెల్లోళ్లు పోయినా అది పోలేదు. దాని లెక్కన గాలిల మాట పంపే హక్కు సర్కారుది. ఆ తాళం ఎట్ల ఊడిందో చెప్తె నువ్వు నమ్మవు. క్రికెట్టు వల్ల! 1993ల హీరో కప్ అని పోటీ పెట్టిన్రు. ఆట టీవీల చూపే హక్కు నాదంటె నాదని బెంగాల్ క్రికెట్ సంఘం, దూరదర్శన్ జుట్లు పట్టుకున్నయి. పంచాయితీ సుప్రీంకోర్టు దాక పోయింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పొచ్చింది: గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద సర్కారుకు గుత్తాధిపత్యం లేదు, పైసలున్నోళ్లకూ ఉండొద్దు అని. చెప్పినోళ్లల్ల జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు, మన హైదరాబాద్ హైకోర్టుల పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. బ్యాటు బంతి కోసం కొట్లాడుకున్నోళ్లు మాచునూర్ ఆడోళ్ల కోసం తొవ్వ ఏస్తున్నమని కలగన్నరా?

తీర్పు వచ్చె, లైసెన్సు రాకపాయె. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు చూడు. యునెస్కో సాయంతోని 1998 ప్రాంతంల మాచునూర్ల స్టూడియో తయారైంది. మైకులున్నయి, మిషిన్లున్నయి, మాట్లాడేటోళ్లున్నరు. గాలిలకు పంపుదమంటె కాయిదం లేదు. ఇంకొకలైతె తాళమేసి పోయేటోళ్లు. వీళ్లు పోలేదు. లైసెన్సు వచ్చిననాడు వస్తది, మనం అయితె రికార్డు చేద్దమన్నరు. పదేండ్లు చేసిన్రు బిడ్డా! వందల గంటలు. ఆ క్యాసెట్లు సంఘం మీటింగులకు తీసుకపోయి, నడుమల టేప్‌రికార్డర్ పెట్టి వినిపించేటోళ్లు. సుట్టు కూసున్నోళ్లు విని, ఇది తప్పు చెప్పినవ్, మా ఊర్ల ఆ పండుగకు అట్ల చెయ్యరు అని అక్కడికక్కడే సవరించేటోళ్లు.

రికార్డింగు ఎట్ల చేసేటోళ్లో నేను చూసిన. చెల్క ఒడ్డు మీద ముసలవ్వ కూసున్నది. సంఘం పిల్ల టేప్‌రికార్డర్ ఒడిల పెట్టుకొని మైకు ముందర పట్టింది. అవ్వ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. పిల్ల ఏమనలేదు, కలుపు ఎట్లున్నదవ్వా అని ఊకె మాటల పెట్టింది. అవ్వ చేతులు తిప్పుకుంట చెప్పుడు సురువు చేసినంక గాజులు గలగలమన్నయి. పిల్ల బటను ఆపి, ఆ గాజులను మెల్లగ మోచేతి మీదికి జరిపి, మళ్ల ఒత్తింది. గాలి వీచినప్పుడల్ల కొంగు మడత మైకుకు అడ్డం పట్టింది. అనుముల గురించి ఆ అవ్వ చెప్పుకుంటపోతె వినేటోనికి పొద్దు తెల్వదు. ఆ చదువు ఏ బుక్కుల లేదు.

అందరికీ అంత ఓపిక ఫలించలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లుల పొదుపు సంఘాల ఆడోళ్లు 2002ల మన రేడియో అని చిన్నది పెట్టుకుంటె కొన్ని నెలలకే సర్కారు మూయించింది. కర్ణాటకల బూదికోటోళ్లు ఇంకో ఉపాయం చేసిన్రు. గాలిల పంపొద్దంటె కేబుల్ తీగల పంపుతమని నమ్మ ధ్వని పెట్టిన్రు. ఏ ఎండకా గొడుగు. 2000ల పస్తాపూర్లనే దేశంల నలుమూలలకెళ్లి వచ్చినోళ్లు కూడి, ప్రజల రేడియోకు చట్టం కావాలని ప్రకటన చేసిన్రు. సర్కారోళ్లు లైసెన్సు ముందుగాల కాలేజీలకిచ్చిన్రు, 2004ల మద్రాసు అన్నా యూనివర్సిటీల మొదలైంది. ఊరోళ్ల సంఘాలకు ఇద్దమనే బుద్ధి సర్కారుకు 2006 నవంబర్ల పుట్టింది.

2008 అక్టోబర్ 15న మాచునూర్ల సంఘం రేడియో గాలెక్కింది, 90.4 మీద. దేశంల అసొంటి సంఘాల దిక్కుకెళ్లి లేసిన రేడియోల్ల ముందటి వరుసది. సురువు చేసిందెవరనుకున్నవ్? ఆ తీర్పు చెప్పిన సావంత్ జడ్జిగారే. నడిపినోళ్లు ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, సుట్టు ఊర్లకు అందుతది, అంతే. పొద్దుగూకినంక ఏడు గంటలకు మొదలు, ఎందుకంటె అప్పటికి రొట్టెలు చేసుడు అయిపోయి ఆడోళ్ల చేతులు ఖాళీ అయితయి. ఆ యాల పెట్టింది వాళ్లే. పట్నంల ఆఫీసరు పెడితె పొద్దున పదకొండుకు పెట్టేటోడు, అప్పుడు ఇంట్ల ఎవరుంటరు?

వీళ్లతోటి ఆడోళ్లే కొందరు వీడియో కెమెరా గూడ పట్టిన్రు. వరంగల్ దిక్కు బీటీ పత్తి రైతుల ఎతలు తీసిన్రు. మీదికెళ్లి కిందికి చూసేటట్టు తీస్తె అది పటేలు షాట్ అంటరు. సంఘంల అందరు నేల మీద కూసున్నట్టు కంటికి కన్ను సమానంగ తీస్తె సంఘం షాట్. సినిమా తీసేటోళ్లు ఈ దిక్కుకొచ్చి నేర్చుకపోవాలె.

ఒక్కటి మాత్రం నాకిప్పటికీ మనసున పట్టదు. సంఘాలకు రేడియో ఇచ్చిననాడు వార్తలు చెప్పొద్దని రాసిన్రు. బోరు ఎండింది, రేషన్ బియ్యం రాలేదు అంటె ఊరోళ్లకు అవి వార్తలు కావా? ఊరోళ్ల మాట అంటె పాటలు, పండుగలు, వంటలు అని ఎవరో అనుకున్నరు. అవి చెప్తరు, చక్కగ చెప్తరు. గని రేటు ఎంత పడ్డది, కూలి ఎవడు ఎగ్గొట్టిండు, అది చెప్పనియ్యనిది ఎందుకు? ఆ అవ్వలకు అడ్డం నిలబడనీకె కారణం నాకైతె కనవడదు.

ఫోన్ దిక్కు చూస్తున్నవ్, 90.4 పెట్టి చూద్దమనా? ఇక్కడికి అందదు. సంక్రాంతికి పాత పంటల జాతర సురువైతది, ఎడ్లబండ్లకు తోరణాలు కట్టి, గంపలల్ల విత్తనాలు పెట్టుకొని నెల రోజులు ఊరూర తిరుగుతరు. అప్పుడు నా ఎంట రా, ఝరాసంగం తొవ్వల దిగుదం. స్వెటర్ తెచ్చుకో, ఆ చెల్కలల్ల మాపటీలి గాలి గట్టిగుంటది.