తిరుమల శిలల్లో లోపించిన కాలం: ప్రాచీన వాతావరణ ఆక్సిజన్ అంచనాలు – ఒక పరిశీలన

ప్రవేశిక

తిరుపతి నుంచి తిరుమలకు వెళ్ళే ఘాట్ రోడ్డు పక్కన, కొండను తొలిచిన చోట్ల రెండు భిన్న శిలా సముదాయాలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. కింద ఉన్నది ఆర్కియన్ యుగపు గ్రానైట్. పైన ఉన్నది ప్రొటెరోజోయిక్ యుగంలో ఇసుక మేటలు గట్టిపడి ఏర్పడిన నగరి క్వార్ట్జైట్. శిలాతోరణం కూడా ఈ క్వార్ట్జైట్‌లోనే ఏర్పడింది. రెండింటి మధ్య సరిహద్దును ఎపార్కియన్ అననుగుణత అంటారు. అంటే ఒక శిల ఏర్పడిన తరువాత చాలాకాలం కోతకు గురై, ఆ కోత తలంపై మరో శిల పేరుకున్న చోటు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది.

ఈ రెండు శిలల నడుమ గడచిన కాలంలోనే భూమి వాతావరణంలో ఆక్సిజన్ తొలిసారి నిలదొక్కుకుంది. ఆ పరిణామానికి తిరుమల శిలలు ఎంతవరకు సాక్ష్యం ఇవ్వగలవో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అధ్యయన నేపథ్యం

కడప, కర్నూలు శిలాసముదాయాలపై విలియం కింగ్ రాసిన బృహద్ నివేదిక 1872లో సర్వేక్షణ సంస్థ ప్రచురణగా వెలువడింది. 20వ శతాబ్ది తొలి దశకంలో థామస్ హాలండ్ ఇలాంటి ప్రాచీన అవక్షేప శిలలకు ‘పురాణ’ అనే పేరు పెట్టాడు. వీరి ప్రధాన సమస్య శిలల పౌర్వాపర్యం. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమం ఏర్పడిన తరువాతే ఆ కాలపు గాలి స్వభావం ఏమిటన్న ప్రశ్నకు అవకాశం కలిగింది.

అంచనా పద్ధతులు

శిలలో ఆనాటి ఆక్సిజన్ శాతం నేరుగా నమోదై ఉండదు. ఆక్సిజన్ ఇంతకు మించి ఉండదని కొన్ని ఆధారాలు, ఇంతకు తగ్గి ఉండదని మరికొన్ని ఆధారాలు చెబుతాయి. ఈ హద్దుల మధ్యనే అంచనా సాగుతుంది.

మొదటిది ఖనిజ సాక్ష్యం. యురేనినైట్, పైరైట్ రేణువులు నేటి గాలి, నీటిలో త్వరగా ఆక్సీకరణం చెందుతాయి. కర్ణాటకలోని వాల్కుంజి ప్రాంతపు గులకరాళ్ళ కాంగ్లోమరేట్‌లో ఇవి నదులు తెచ్చిన రేణువులుగా లభించాయి. ఆర్కియన్ గాలిలో ఆక్సిజన్ అత్యల్పమని ఇవి సూచిస్తాయి.

రెండవది గంధకం ఐసోటోపుల సాక్ష్యం. ఆక్సిజన్, ఓజోన్ లేని వాతావరణంలో అతినీలలోహిత కిరణాలు గంధక వాయువులను విడగొట్టినప్పుడు, ఐసోటోపుల నిష్పత్తిలో ద్రవ్యరాశి భేదంతో వివరించలేని తేడాలు వస్తాయి. జేమ్స్ ఫార్కర్ బృందం 2000లో ప్రకటించిన ఈ ఆధారం చర్చను మలుపు తిప్పింది. దక్షిణాఫ్రికా శిలల ఆధారంగా 2004లో బెకర్ బృందం, సుమారు 232 కోట్ల సంవత్సరాల నాటికి ఈ తేడాలు అదృశ్యమయ్యాయని నిరూపించింది. నేటి పరిమాణంలో లక్షో వంతు ఆక్సిజన్ ఉన్నా ఈ గుర్తు మిగలదని పావ్‌లోవ్, కాస్టింగ్ 2002లో లెక్కకట్టారు. కనుక ఇది ఒక కనిష్ఠ హద్దును దాటిన సంగతిని మాత్రమే తెలుపుతుంది.

మూడవది ప్రాచీన మృత్తికల సాక్ష్యం. ఆక్సిజన్ లేనప్పుడు ఇనుము నీటిలో కరిగి నేలను విడిచిపోతుంది. ఉన్నప్పుడు ఆక్సైడ్‌గా మారి నేలలోనే నిలుస్తుంది.

కడప బేసిన్ సాక్ష్యం

తిరుమల కింది గ్రానైట్ భూగర్భంలో గట్టిపడిన శిల. అందువల్ల గాలి సంగతి అది చెప్పలేదు. పై అవక్షేపాల కాలానికి ఆక్సిజన్ చేరి ఉందనడానికి ఆధారాలను కడప బేసిన్‌లోని ఇతర ప్రాంతాల్లో వెదకాలి. వేంపల్లె డోలమైట్‌లో సూక్ష్మజీవుల పొరలతో ఏర్పడిన స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. దానికి పైనున్న తాడిపత్రి శిలల్లోకి చొచ్చుకువచ్చిన పులివెందుల సిల్ వయస్సు సుమారు 188.5 కోట్ల సంవత్సరాలు. కాబట్టి వేంపల్లె డోలమైట్ అంతకంటే పాతది.

తుమ్మలపల్లె యురేనియం నిక్షేపం ఈ డోలమైట్‌లోనే ఉంది. ఆక్సీకరణం చెందిన యురేనియం నీటిలో కరిగి ప్రయాణిస్తుంది, చెందనిది దాదాపు కరగదు. వాల్కుంజిలో రేణువుగా కొట్టుకువచ్చిన లోహం తుమ్మలపల్లెలో సముద్ర అవక్షేపంలో పోగుపడింది. ఈ భేదం వాతావరణ మార్పుకు అనుగుణంగానే ఉంది. అయితే తరువాతి ద్రవాలు తెచ్చిన యురేనియం వాటా ఎంతో తేల్చకుండా దీనిని పరిమాణాత్మక సాక్ష్యంగా వాడరాదు.

ఎరుపు రంగు – ఒక హెచ్చరిక

శేషాచలం కొండల ఎరుపు రంగునే ప్రాచీన ఆక్సిజన్‌కు రుజువుగా చూపడం సులభం, కాని అది లోపభూయిష్ఠం. వానలు, భూగర్భజలం నేటికీ ఇనుమును తుప్పు పట్టిస్తూనే ఉన్నాయి. ఆ రంగు శిల పేరుకున్న నాటిదా, నిన్నటిదా అని పొరల అంతర్గత అమరిక ద్వారా, రేణువుల సూక్ష్మ పరిశీలన ద్వారా తేల్చాలి. రోడ్డు కోత ఉపరితలం కంటే లోతైన డ్రిల్ నమూనాలు ఇందుకు విశ్వసనీయం.

ముగింపు

ఆక్సిజన్ పెరుగుదల సుమారు 240–230 కోట్ల సంవత్సరాల మధ్య ఘటన. తిరుమలలో ఆ కాలపు పొరలే లేవు. ఆ ఘటన తిరుమలలో నమోదైందనడం అందువల్ల సరికాదు. దానికి ముందరి శిల ఒకటి, తరువాతి శిల ఒకటి ఇక్కడ ముఖాముఖిగా ఉన్నాయనడం సరైనది. ఆ తరువాతి కాలపు ఆక్సిజన్‌పైనా ఏకాభిప్రాయం లేదు. నేటి పరిమాణంలో వెయ్యో వంతు నుంచి పదో వంతు వరకు భిన్న అంచనాలు ఉన్నాయి.

లోపించిన పొరలు కూడా చరిత్రకారునికి సమాచారమే. గ్రానైట్ బయటపడి, కోతకు గురై, గాలికి, నీటికి ఎదురైన కాలం ఆ సరిహద్దు తలంలో ఇమిడి ఉంది. అక్కడ ప్రాచీన శైథిల్యపు పొర మిగిలి ఉంటే, ఇనుము నిలిచిందా, తరలిపోయిందా అన్న ప్రశ్నకు తొలి సమాధానం అందులోనే దొరుకుతుంది. ఘాట్ రోడ్డు విస్తరణ, కొండచరియల నివారణ పనుల్లో ఈ కొద్దిపాటి తలం కప్పబడకుండా, చెదరకుండా చూడవలసిన అవసరం అందుకే ఉంది.